హేచరీ సాల్మనా, నదిలో పుట్టిన సాల్మనా: గాలానికి పడిన చేపను ఉంచుకోవాలో వదలాలో తేల్చుకోవడం

అమెరికా వాయవ్య తీరంలో, ముఖ్యంగా వాషింగ్టన్ రాష్ట్రంలో, సాల్మన్‌కు గాని స్టీల్‌హెడ్‌కు (సముద్రానికి వెళ్ళి తిరిగి నదికి వచ్చే రెయిన్‌బో ట్రౌట్) గాని గాలం వేసేవారు ప్రతి చేప దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. ఒకే నదిలో, ఒకే రోజున, ఒకే ఎరకు పడిన రెండు చేపలలో ఒకదానిని ఇంటికి తీసుకువెళ్ళి పులుసు పెట్టుకోవచ్చు. రెండవదానిని నీటిలో నుంచి పైకి కూడా ఎత్తకుండా వదిలివేయాలి. మొదటిది హేచరీలో పొదిగించి పెంచి వదిలిన చేప, రెండవది నదీగర్భంలోని గులకరాళ్ళ మధ్య పెట్టిన గుడ్డు నుంచి పుట్టిన సహజ చేప. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్, ఇస్సాక్వా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో గాలం పట్టేవారు కొందరు ఉన్నారు గనుక, ఈ తేడాను ఏ గుర్తుతో తేల్చుకోవాలో, ఏ గుర్తును నమ్మరాదో, అసలు ఈ సందేహానికి తావు తక్కువగా ఉండే వేట ఏదో ఇక్కడ వివరిస్తున్నాను.

మన ప్రాంతంలో చెరువు చేపకూ గోదావరి చేపకూ తేడా నాలుకతో చెబుతారు. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. హేచరీ సాల్మన్ సిమెంటు తొట్లలో గడిపేది పిల్లగా ఉన్న కొద్ది నెలలు, లేదా ఏడాదికి కాస్త అటూ ఇటూ మాత్రమే. ఆ తరువాత నదిలోకి, అక్కడి నుంచి పసిఫిక్ మహాసముద్రంలోకి వెళ్ళి, సహజ చేపలు తినే మేతనే తిని, వాటితో కలిసే పెరిగి, వాటితో కలిసే వెనక్కి ఎదురీదుతుంది. కాబట్టి మాంసం రంగులోనూ రుచిలోనూ పుట్టుక తెలియదు. దుకాణంలో అమ్మే పెంపకపు సాల్మన్ వేరే సంగతి: అది సాధారణంగా స్వేచ్ఛగా సముద్రంలోకి వెళ్ళకుండా, అమ్మేవరకు వలల పంజరంలో పెంచిన అట్లాంటిక్ సాల్మన్. హేచరీ చేపనూ పెంపకపు చేపనూ ఒకటిగా భావించడం కొత్తవారిలో చాలా సాధారణంగా కనిపించే పొరపాటు.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడిగేవారికి క్లుప్తంగా చెప్పవచ్చు. వాషింగ్టన్‌లో మొదటి రాష్ట్ర హేచరీ 1895లో కలామా నదిపై ఏర్పడింది. తరువాత వచ్చిన ఆనకట్టలు సాల్మన్ గుడ్లు పెట్టే చోట్లను మూసివేసినకొద్దీ, పోయిన చేపలకు బదులుగా హేచరీలు పెరిగాయి. కొలంబియా నదిపై గ్రాండ్ కూలీ ఆనకట్ట కట్టినప్పుడు లెవెన్‌వర్త్ హేచరీని నిర్మించడం అందుకు ఒక ఉదాహరణ. చేపల సంఖ్య కొంతవరకు నిలిచింది గాని, నదిలో పుట్టే చేపలు తగ్గుతూనే వచ్చాయి. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌కు చెందిన చినూక్ రకం సాల్మన్ 1999లోనూ, అదే ప్రాంతపు స్టీల్‌హెడ్ 2007లోనూ అంతరించే ప్రమాదం ఉన్న జాతులను కాపాడే సమాఖ్య చట్టం కిందికి చేరాయి. అప్పటి నుంచి వేట సాగాలంటే ఒకటే దారి మిగిలింది: హేచరీ చేపకు బయటికి కనిపించే గుర్తు పెట్టి, ఆ గుర్తు ఉన్నదానినే పట్టుకోనివ్వడం.

కొవ్వు రెక్క

ఆ గుర్తు ఎడిపోజ్ ఫిన్ అనే చిన్న రెక్క లేకపోవడం. సాల్మన్ జాతి చేపలన్నిటికీ వెన్ను మీద పెద్ద రెక్కకూ తోకకూ మధ్య, తోకకు దగ్గరగా, ముల్లు గాని ఈనె గాని లేని మెత్తని కండ ముక్క వంటి రెక్క ఒకటి ఉంటుంది. దీనిని ఈ వ్యాసంలో కొవ్వు రెక్క అంటాను. హేచరీలో పిల్లలు వేలి పొడవు ఉన్నప్పుడు వాటికి మత్తు ఇచ్చి, చిన్న కత్తెరతో చేతితో గాని, ట్రెయిలర్లలో అమర్చిన యంత్రాలతో గాని ఈ రెక్కను మొదలంటా కత్తిరిస్తారు. పూర్తిగా కత్తిరించిన రెక్క మళ్ళీ మొలవదు. రెండు మూడేళ్ళ తరువాత చేప పెద్దదై తిరిగి వచ్చినప్పుడు ఆ చోట నునుపుగా మానిన మచ్చ మాత్రమే ఉంటుంది.

వాషింగ్టన్ నిబంధనలు హేచరీ స్టీల్‌హెడ్‌ను నిర్వచించేది కూడా ఈ ఆధారంతోనే: కొవ్వు రెక్క గాని పొట్ట రెక్క గాని కత్తిరించి ఉండాలి, ఆ చోట మానిన మచ్చ ఉండాలి. ఇందులో ‘మానిన’ అనే మాట ముఖ్యం. తాజా గాయం ఉండి రెక్క లేని చేప మీ దగ్గర దొరికితే, ఆ రెక్కను మీరే కోశారని అధికారి అనుమానించడంలో తప్పు లేదు. అటువంటి పని చేసినవారు లేకపోలేదు గనుకనే ఆ మాట నిబంధనలోకి వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

చూడడం వినడానికి సులభం, చేయడం అంత సులభం కాదు. చేప ఒడ్డుకు వచ్చేసరికి వేటగాడి చేతులు వణుకుతుంటాయి, చేప పొర్లుతుంటుంది, డిసెంబరు ఉదయపు వెలుతురు చాలదు. చేపను చేతి వలలో, నీటిలోనే ఉంచి, వెన్ను పైకి వచ్చేలా నెమ్మదిగా తిప్పండి. చేప పక్కకు ఒరిగి ఉన్నప్పుడు కొవ్వు రెక్క వీపుకు అంటుకుపోయి లేనట్లే కనిపిస్తుంది. తడి చేసిన వేలితో పెద్ద రెక్క వెనుక నుంచి తోక వైపు ఒక్కసారి నిమిరితే ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు ఈ ఒక్క పని కోసమైనా కొనదగినవి.

కొన్నిసార్లు రెక్క సగం మాత్రమే తెగి, చిన్న మొండిగా మిగిలి ఉంటుంది. యంత్రం సరిగా కత్తిరించకపోవడం ఇందుకు కారణం కావచ్చు, చేప ఏ సీలు నోటి నుంచో తప్పించుకున్నది కావచ్చు. ఇటువంటి చేపను నేను వదిలివేయమనే చెబుతాను. వాదించి గెలవగలిగినా, ఒక్క చేప కోసం అంత వాదన అనవసరం.

మిగతా గుర్తులు: ఏది ఎంత నమ్మదగినది

అనుభవం ఉన్న వేటగాళ్ళు కొవ్వు రెక్క చూడకముందే ‘ఇది హేచరీది’ అని చెప్పగలుగుతారు. వారు చూసేది వెన్ను మీది పెద్ద రెక్కను. వేలాది పిల్లలు ఇరుకైన సిమెంటు తొట్టిలో ఒకదానిని ఒకటి రాసుకుంటూ, మేత వేసినప్పుడల్లా ఒకదాని రెక్కను మరొకటి కొరుకుతూ పెరుగుతాయి. అందువల్ల వెన్ను రెక్క పొట్టిగా, అంచు గుండ్రంగా, ఈనెలు వంకరగా తయారవుతుంది. మొప్పల వెనుక ఉండే జంట రెక్కలు కూడా చివర్లు అరిగి ఉండవచ్చు. నదిలో పుట్టిన స్టీల్‌హెడ్‌కు వెన్ను రెక్క ఎత్తుగా, ఈనెలు తిన్నగా, అంచు కోసినట్లు పదునుగా నిలబడి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన చూసినవారికి ఈ తేడా మరిచిపోలేనిది.

అయినా ఇది రుజువు కాదు. అరిగిన రెక్కలు సముద్రంలో గడిపే కాలంలో కొంతవరకు తిరిగి పెరగవచ్చు. అదీగాక ఈ గుర్తు స్టీల్‌హెడ్‌లో కనిపించినంత స్పష్టంగా కోహో, చినూక్ అనే సాల్మన్ రకాలలో కనిపించదు. పైగా నదిలో కొంతకాలంగా ఉన్న ఆడ చేప గుడ్ల కోసం గులకరాళ్ళను తోకతో తవ్వుతుంది గనుక, ఎంత సహజమైన చేప అయినా తోక చివర అరిగి తెల్లబడి ఉంటుంది. దానిని చూసి హేచరీ చేప అని పొరబడినవారు ఉన్నారు. పెద్ద రెక్క వంకరగా ఉండి, కొవ్వు రెక్క చెక్కుచెదరకుండా ఉన్న చేప దొరికితే అది గుర్తు వేయని హేచరీ చేప కావడానికే అవకాశం ఎక్కువ. కానీ చట్టం దృష్టిలో అది సహజ చేపే, దానిని వదలవలసిందే.

రంగు విషయంలో ఎక్కువ మంది మోసపోతారు. వెండిలా మెరిసే చేప సహజమైనదనీ, నల్లబడిన చేప హేచరీదనీ ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. రంగు చెప్పేది చేప మంచినీటిలోకి వచ్చి ఎంత కాలమైందో, గుడ్లు పెట్టే సమయానికి ఎంత దగ్గరైందో మాత్రమే. పుట్టుకతో దానికి సంబంధం లేదు. పరిమాణమూ అంతే. సహజ చేప గాలానికి పడినప్పుడు ఎక్కువగా పోరాడుతుందనే మాటకూడా ఒడ్డు మీద కబుర్లకు బాగుంటుంది గాని, నిర్ణయానికి ఆధారం కాదు.

ఇక నిజంగా రుజువు అనదగినవి మూడు ఉన్నాయి. మూడూ వేటగాడి చేతిలో లేనివే. మొదటిది పొలుసు. చెట్టు కాండంలోలాగా పొలుసులో పెరుగుదల వలయాలు ఏర్పడతాయి. హేచరీ స్టీల్‌హెడ్ పిల్లలను సాధారణంగా ఏడాది వయసులోనే నదిలోకి వదులుతారు, నదిలో పుట్టినవి రెండేళ్ళో అంతకంటే ఎక్కువో మంచినీటిలో గడిపి సముద్రానికి వెళతాయి. ఆ తేడా సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. రెండవది ముక్కులో గుచ్చిన తీగ. సుమారు 1.1 మిల్లీమీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు మందం ఉండే ఈ ఉక్కు తీగ మీద చెక్కిన సంకేతం ఆ చేప ఏ హేచరీలో ఏ ఏట ఏ గుంపుతో వదిలినదో చెబుతుంది. మూడవది చెవి రాయి, అంటే చేప లోపలి చెవిలో ఉండే చిన్న గట్టి ముక్క: హేచరీలో గుడ్ల మీదుగా పారే నీటి వేడిని క్రమపద్ధతిలో మార్చి, పిండం చెవి రాయిలో చారలు ఏర్పడేలా చేస్తారు. దీనిని చదవాలంటే చేపను చంపి తల కోయవలసిందే.

కాబట్టి నా లెక్కలో ఈ గుర్తుల పని రెండు విధాలు. ఉంచుకోవడానికి ఆధారం కొవ్వు రెక్క ఒక్కటే. మిగిలినవన్నీ సందేహం పుట్టించడానికే పనికివస్తాయి గాని, సందేహం తీర్చడానికి కాదు. కొవ్వు రెక్క లేదని అనిపించినా పెద్ద రెక్క ఎత్తుగా, తిన్నగా ఉంటే మరొకసారి వేలితో నిమిరి చూడండి. కొవ్వు రెక్క ఉన్నప్పుడు మిగతా లక్షణాలన్నీ హేచరీవే అని వాదించుకోవడం మాత్రం మానండి.

కొవ్వు రెక్క ఏమీ చెప్పని చోట్లు

ఈ పద్ధతి అన్ని జాతులకూ వర్తించదు. పింక్, చమ్ సాల్మన్లను హేచరీలలో కోట్ల సంఖ్యలో పొదిగించినా, వాటి పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన కొద్ది కాలానికే అతి చిన్నవిగా సముద్రానికి వెళ్ళిపోతాయి గనుక సాధారణంగా రెక్క కత్తిరించరు. సాకైలోనూ ఎక్కువగా చెవి రాయి గుర్తులే వాడతారు. ఈ జాతులలో ఎన్ని పట్టుకోవచ్చో, ఎక్కడ పట్టుకోవచ్చో చెప్పే నిబంధన జాతి పేరు మీద నడుస్తుంది. పుట్టుక మీద కాదు. అంటే కొవ్వు రెక్క కోసం వెతకడానికి ముందే చేప జాతిని గుర్తించడం రావాలి. చినూక్‌కు కింది దవడ చిగురు నల్లగా ఉంటుంది, మచ్చలు తోక రెండు పాయల మీదా ఉంటాయి; కోహోకు చిగురు తెల్లగా ఉంటుంది, మచ్చలు తోక పైపాయ మీదనే ఉంటాయి. పింక్‌కు తోక మీద పెద్ద పెద్ద కోలగా ఉండే మచ్చలుంటాయి. నదులలో ఇరవై అంగుళాలకు మించిన రెయిన్‌బో ట్రౌట్‌ను వాషింగ్టన్ నిబంధనలు స్టీల్‌హెడ్‌గానే లెక్కిస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కొన్ని హేచరీలు కావాలనే రెక్క కత్తిరించవు. అంతరించిపోతున్న ఒక గుంపును తిరిగి నిలబెట్టడానికి పెంచిన పిల్లలకు ముక్కులో తీగ మాత్రమే పెట్టి, రెక్కను ఉంచుతారు; వేటగాళ్ళ చేతికి పోకుండా అవి గుడ్లు పెట్టే చోటికి చేరాలని దీని ఉద్దేశం. అందువల్ల రెక్క ఉన్న చేప సహజమైనదేనని చెప్పలేము. రెక్క లేకుండా పుట్టే సహజ చేప మాత్రం అత్యంత అరుదు.

2017 ఆగస్టులో ఈ విషయం మరో రూపంలో ఎదురైంది. వాషింగ్టన్‌లోనే ఉన్న సైప్రస్ (Cypress) దీవి దగ్గర ఒక పెంపకపు పంజరం కూలిపోయి, రెండు లక్షలకు పైగా అట్లాంటిక్ సాల్మన్ ప్యూజెట్ సౌండ్ నీళ్ళలోకి తప్పించుకున్నాయి. వాటికి కొవ్వు రెక్క ఉంది. మొప్పల మూత మీది పెద్ద నల్ల మచ్చలు, అరిగిన రెక్కలు, తోక రూపం చూసి వాటిని గుర్తించవలసి వచ్చింది. వాటిని ఎన్నయినా పట్టుకోమని రాష్ట్ర మత్స్యశాఖ ప్రజలను కోరింది. మరుసటి సంవత్సరమే పరాయి జాతి చేపల పంజరపు పెంపకాన్ని దశలవారీగా ఆపివేసే చట్టం వచ్చింది.

రాష్ట్రం మారితే కొవ్వు రెక్క విలువ కూడా మారుతుంది. ఒరెగాన్, ఐడహో రాష్ట్రాలలో స్టీల్‌హెడ్ విషయంలో వాషింగ్టన్ పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. కాలిఫోర్నియాలో మాత్రం జాగ్రత్త: అక్కడ హేచరీ స్టీల్‌హెడ్‌కు రెక్క కత్తిరిస్తారు గాని, సెంట్రల్ వ్యాలీలోని శరదృతువు చినూక్‌లో 2007లో మొదలైన పద్ధతి ప్రకారం నాలుగింట ఒక వంతుకే కత్తిరింపు, తీగ ఉంటాయి. అంటే శాక్రమెంటో నదిలో రెక్క ఉన్న చినూక్ హేచరీదయ్యే అవకాశం ఎక్కువే. బే ఏరియా నుంచి సియాటిల్‌కు మారిన వేటగాళ్ళు, అక్కడి నుంచి ఇటు వచ్చిన అలవాటుతో రెక్కను పట్టించుకోకపోవడం నేను గమనించాను. అలాస్కాలో వేట నిబంధనలు సాధారణంగా పుట్టుకతో ముడిపడి ఉండవు.

ఏ వేటను ఎంచుకోవాలి

ఇంతవరకు చెప్పినది చేప చేతికి వచ్చాక చేసే నిర్ణయం. అంతకంటే మేలైన నిర్ణయం ఇంట్లోనే, ఏ నీటికి ఎప్పుడు వెళ్ళాలన్న దగ్గర జరుగుతుంది.

గాలం కొత్తగా పట్టిన కుటుంబానికి మైదాన ప్రాంతపు సరస్సులే మొదటి ఎంపిక. ఏప్రిల్ నాలుగవ శనివారం నాడు తెరుచుకునే ఈ సరస్సులలో మత్స్యశాఖ రెయిన్‌బో ట్రౌట్‌ను పట్టుకోవడానికే పెంచి వదులుతుంది. ఇక్కడ కొవ్వు రెక్క ప్రసక్తి లేదు, సంఖ్యా పరిమితి ఒక్కటే చూసుకోవాలి. పిల్లలకు విసుగు పుట్టకముందే ఏదో ఒక చేప పడుతుంది. ఒక్క హెచ్చరిక: సమామిష్ సరస్సు ఇటువంటి వదిలిన చేపల సరస్సు కాదు. అక్కడి కోకనీ, అంటే సముద్రానికి వెళ్ళకుండా సరస్సులోనే ఉండిపోయే సాకై, అతి తక్కువ సంఖ్యకు పడిపోయింది; దానిని ఉంచుకోవడానికి వీలులేదు. ఇంటి పక్కనే ఉన్నదని నిబంధన చదవకుండా గాలం వేయకూడదు.

సాల్మనే కావాలనుకునేవారికి నేను సూచించేది బేసి సంవత్సరాల ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వచ్చే పింక్. రెండేళ్ళ జీవితచక్రం కలిగిన ఈ చేప ప్యూజెట్ సౌండ్‌కు బేసి సంవత్సరాలలోనే పెద్ద సంఖ్యలో వస్తుంది. ఒడ్డు మీద నిలబడి గులాబీ రంగు ఎర విసిరినా పడుతుంది. పుట్టుక చూడనక్కరలేదు, జాతి గుర్తిస్తే చాలు. మాంసం మెత్తన, తొందరగా చెడిపోతుంది. పట్టిన వెంటనే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి మంచులో పెట్టకపోతే ఇంటికి వచ్చేసరికి పులుసులో ముక్క నిలవదు. దీనిని నాసిరకం చేపగా చిన్నచూపు చూసేవారిలో చాలామంది మంచు పెట్టె తీసుకువెళ్ళనివారే.

కోహో అంతకంటే రుచికరం, పట్టడమూ ఉత్సాహంగా ఉంటుంది. కాలం సెప్టెంబరు, అక్టోబరు. ఇక్కడ మాత్రం కొవ్వు రెక్క పరీక్ష రావాలి. ఒక సముద్ర ప్రాంతంలో ఏ కోహో అయినా ఉంచుకోవచ్చని ఉంటే, పక్క ప్రాంతంలో హేచరీ కోహో మాత్రమే అని ఉంటుంది. ఆ సరిహద్దు నీటి మీద గీత గీసి ఉండదు. పడవ నుంచి వేటాడేవారు ఉంచుకోరాని సాల్మన్‌ను పడవలోకి ఎక్కించడమే నేరం, కాబట్టి రెక్కను పడవ పక్కన నీటిలోనే చూడాలి.

హేచరీ స్టీల్‌హెడ్‌కు కాలం డిసెంబరు, జనవరి. ప్యూజెట్ సౌండ్ నదులలో దశాబ్దాల తరబడి పెంచిన చలికాలపు హేచరీ చేప ఛేంబర్స్ క్రీక్ అనే చిన్న ఏటి సంతతి. త్వరగా తిరిగివచ్చే వాటినే ఏరి ఏరి పొదిగించడం వలన అది సహజ చేపల కంటే ముందే నదిలోకి వస్తుంది. సహజ స్టీల్‌హెడ్ ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు వస్తాయి. అందుచేత స్కైకోమిష్ నదిపై రైటర్ పాండ్స్ దగ్గర, స్నోక్వాల్మీ నదిలో టోకుల్ క్రీక్ కలిసే చోట, కొత్త సంవత్సరానికి అటూ ఇటూ వేసిన గాలానికి ఉంచుకోదగిన చేప పడే అవకాశం ఎక్కువ, సహజ చేపను ఇబ్బంది పెట్టే అవకాశం తక్కువ. కాలం, చోటు అనేవి పుట్టుకకు రుజువులు కాకపోయినా, ఎంపికకు ఇంతకంటే మంచి ఆధారాలు లేవు. దక్షిణాన మేఫీల్డ్, మాసీరాక్ ఆనకట్టలున్న కౌలిట్జ్ నదిలో హేచరీ చేపలు ఇంకా ఎక్కువ. సియాటిల్ నుంచి ప్రయాణం దూరమే, ఒడ్డు మీద జనమూ ఎక్కువే. నిశ్శబ్దం కోరి నదికి వెళ్ళేవారికి అది నచ్చదు.

వదలవలసిన చేపను వదిలే తీరు

సహజ చేపను వదలడమంటే అది బ్రతికేలా వదలడం. వాషింగ్టన్ మంచినీటిలో, ఉంచుకోవడానికి వీలులేని సాల్మన్‌ను గాని స్టీల్‌హెడ్‌ను గాని పూర్తిగా నీటి నుంచి పైకి తీయకూడదనేది నియమం; ఫొటో కోసం ఎత్తిపట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. చాలాచోట్ల ఎదురుముల్లు లేని గాలమే వాడాలి. ఉన్నదానిని పట్టకారుతో నొక్కివేస్తే సరిపోతుంది. వల ముడులు లేనిదై ఉండాలి, రబ్బరుదైతే మరీ మంచిది. పొడి చేతులతో ముట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర పోయి, తరువాత బూజు పడుతుంది. మొప్పలలో వేళ్ళు పెట్టవద్దు. చేపను ప్రవాహానికి ఎదురుగా నిలిపి, తనంతట తాను కదిలే వరకు తోక దగ్గర పట్టుకుని ఉండండి. వేసవిలో నీరు 20 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఎంత జాగ్రత్తగా వదిలినా చేప కోలుకోవడం కష్టం. ఆ రోజున సాల్మన్ నదికి వెళ్ళకపోవడమే సరైనది.

హేచరీ చేపను జాలితో వదిలేవారూ ఉన్నారు. అది ఉంచుకోదగిన కాలమూ చోటూ అయితే, ఉంచుకోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను. ఒరెగాన్‌లోని హుడ్ నది స్టీల్‌హెడ్ మీద 2007లో వెలువడిన జన్యు పరిశోధన, హేచరీలో గడిపిన ఒక్కొక్క తరానికీ నదిలో సంతానం నిలుపుకొనే శక్తి సుమారు 40 శాతం పడిపోతుందని చూపింది. అటువంటి చేప గుడ్లు పెట్టే చోటికి చేరి సహజ చేపతో జతకడితే ఆ బలహీనత తరువాతి తరానికి చేరుతుంది. హేచరీలనే మూసివేయాలని కోరేవారు ఈ ఫలితాలనే చూపుతారు. మరోవైపు, 1974లో న్యాయమూర్తి బోల్ట్ ఇచ్చిన తీర్పు ప్రకారం పట్టదగిన సాల్మన్‌లో సగం మీద ఒడంబడిక హక్కు ఉన్న స్థానిక తెగలకు, ఆనకట్టలూ నగరాలూ మింగిన నదులలో హేచరీలు లేకపోతే ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది. ఈ వివాదం గాలం పట్టినవారి చేతిలో తేలేది కాదు. రెక్క కత్తిరించిన చేపను నదిలో మిగల్చకపోవడం వరకే వారి చేతిలో ఉంది.

ఈ చేపలను ముందుగా దగ్గర నుంచి చూడాలనుకుంటే 1936లో కట్టిన ఇస్సాక్వా హేచరీకి సెప్టెంబరు చివర నుంచి వెళ్ళవచ్చు. చినూక్, కోహో మెట్ల దారి ఎక్కి వస్తుండగా అద్దాల కిటికీల వెనుక నిలబడి, ఏ చేపకు కొవ్వు రెక్క ఉందో ఏ చేపకు లేదో తీరిగ్గా గుర్తుపట్టడం సాధన చేయవచ్చు. పిల్లలతో వెళితే వారే మనకంటే ముందు కనిపెడతారు.

నదికి బయలుదేరే ముందు ఆ ఏటి నిబంధనల పుస్తకంతో పాటు, మధ్యలో జారీ అయ్యే అత్యవసర ఉత్తర్వులను మత్స్యశాఖ యాప్‌లో అదే రోజున చూడాలి. తెరిచి ఉందని పుస్తకంలో ఉన్న నదిని వారం ముందే మూసి ఉండవచ్చు. పదిహేనేళ్ళు నిండినవారికి లైసెన్సు కావాలి. సాల్మన్, స్టీల్‌హెడ్ పట్టేవారికి వయసుతో నిమిత్తం లేకుండా, పిల్లలకు కూడా, చేపల లెక్క రాసే కార్డు ఉండాలి. చేపను ఉంచుకోవాలని నిర్ణయించిన వెంటనే అందులో నమోదు చేయాలి, ఇంటికి వెళ్ళాక కాదు. రెక్కలూ తలా అలాగే ఉంచి తీసుకువెళ్ళండి, దారిలో ముక్కలు చేయవద్దు. పడవల రేవు దగ్గర మత్స్యశాఖ సిబ్బంది ఒక కర్ర వంటి పరికరాన్ని చేప ముక్కు దగ్గర ఆనించి చూస్తారు. అది మోగితే లోపల తీగ ఉన్నట్లు, అప్పుడు వారు తల ముందు భాగాన్ని కోసి తీసుకుంటామని అడుగుతారు. ఇవ్వండి; తలకాయ పులుసు ఆ రోజుకు తప్పిపోయినా, ఆ చేప ఏ హేచరీ నుంచి ఏ సంవత్సరం బయలుదేరిందో ఆ తీగ మీద చదివి, వచ్చే ఏడాది ఎంత వేటకు అనుమతి ఇవ్వాలో లెక్కవేయడానికి వాడుకుంటారు.